మెదడును చేత్తో పట్టుకుని చూశారా?

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లకి హోసూర్ రోడ్ అంటే ట్రాఫిక్. సిల్క్ బోర్డ్ దగ్గర మొదలయ్యే ఆ నరకం గురించి మీమ్స్ చూసే ఉంటారు. అదే రోడ్డు మీద సిటీ వైపు వెళ్తే డెయిరీ సర్కిల్ దాటాక చెట్ల మధ్య ఒక పెద్ద క్యాంపస్ కనిపిస్తుంది. అదే నిమ్హాన్స్. పూర్తి పేరు జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల సంస్థ.

రాయలసీమ, నెల్లూరు వైపు వాళ్లకి ఈ పేరు కొత్త కాదు. మూర్ఛ, పక్షవాతం, తలకి దెబ్బ, మనసుకి సంబంధించిన జబ్బు ఏదైనా సరే, ఊళ్లో ఎవరో ఒకరు 'బెంగళూరు నిమ్హాన్స్‌కి తీసుకెళ్లండి' అంటారు. ఓపీ దగ్గర కాసేపు నిలబడితే కన్నడతో పాటు తెలుగు కూడా గట్టిగానే వినిపిస్తుంది. చీటీ పట్టుకుని లైన్లో నిలబడిన తండ్రులు, స్టీలు క్యారియర్‌తో మెట్ల మీద కూర్చున్న తల్లులు, అనంతపురం బస్సు టైం అడిగే ముసలివాళ్లు.

జబ్బు ఉంటేనే వెళ్లే చోటు కదా అనుకుంటాం. కానీ ఈ క్యాంపస్‌లో ఏ జబ్బూ లేకపోయినా వెళ్లాల్సిన గది ఒకటుంది. అది మనుషుల మెదళ్ల మ్యూజియం. మోడల్స్ కాదు, ప్లాస్టిక్ కాదు, నిజమైన మెదళ్లు. టికెట్ లేదు. చివర్లో ఒక మెదడు మీ చేతిలో కూడా పెడతారు.

ఫార్మలిన్ వాసన, మూడు వందల కథలు

మ్యూజియం న్యూరోబయాలజీ రీసెర్చ్ సెంటర్ బిల్డింగ్‌లో ఉంది. హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలా పెద్దదేం కాదు. ఒక్క గంటలో మొత్తం చూసేయొచ్చు. కానీ నాకు తెలిసి అక్కడికి వెళ్లినవాళ్లు ఎవరూ గంటలో బయటికి రాలేదు.

పారదర్శకమైన పెట్టెల్లో, ద్రవంలో మెదళ్లు వరసగా ఉంటాయి. మూడు వందలకి పైగా నమూనాలు. కొన్ని పూర్తిగా, కొన్ని బ్రెడ్ ముక్కల్లా అడ్డంగా కోసి. తల్లి కడుపులో ఉన్న పిండం మెదడు నుంచి ముసలివాళ్ల మెదడు దాకా ఉన్నాయి. పిండం మెదడు మొదట్లో నున్నగా ఉంటుంది. నెలలు నిండే కొద్దీ ముడతలు పడుతుంది. మన ముఖానికి ముడతలు వస్తే బాధపడతాం కానీ మెదడుకి అవే ఆస్తి. పైన ఉండే బూడిద రంగు పొర మందం రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. దాన్ని విప్పి పరిస్తే న్యూస్‌పేపర్ పేజీ కంటే కాస్త పెద్దదే అవుతుంది. అంతటి దాన్ని పుర్రెలో కుక్కాలంటే మడతలు పెట్టక తప్పదు.

నేను వెళ్లింది మా అక్కతో. పెదనాన్న కూతురు, ఒంగోలు దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. ఏదో పని మీద బెంగళూరు వచ్చి, 'చూడ్డానికి ఏమన్నా ఉంటే తీసుకెళ్లరా, మాల్స్ మాత్రం వద్దు' అంది. మెదళ్ల మ్యూజియం అనగానే భయపడుతుందేమో అనుకున్నా. 'నాన్న ఫైల్లో స్కానింగ్ ఫోటోలు చూసీ చూసీ విసుగొచ్చింది. అసలుది ఎలా ఉంటుందో చూద్దాం పద' అంది.

పెదనాన్నకి రెండేళ్ల కింద పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. 'అదీ... అదీ...' తప్ప ఇంకేం రాదు.

పటం గీసి భాగములను గుర్తించుము

టెన్త్ జీవశాస్త్రంలో మెదడు బొమ్మ గుర్తుందా? నాలుగు మార్కులకి గ్యారంటీ ప్రశ్న. మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని బాణం గుర్తులు పెట్టి రాసేవాళ్లం. నాకు నాలుగుకి నాలుగు వచ్చాయి. ఆ మూడు మాటలకి అర్థం ఏంటో మాత్రం ఈ గదిలోకి వచ్చాకే తెలిసింది. చూపించే మేడం ఒక మెదడు ముందు నిలబెట్టి మెల్లగా చెప్పుకుంటూ వెళ్లారు.

పైన కనిపించే పెద్ద అక్రోటు గింజలాంటిది మస్తిష్కం. కుడి, ఎడమ రెండు సగాలు. రెండిటి మధ్య కార్పస్ కెల్లోసం అనే తెల్లటి వంతెన. అందులో దాదాపు 20 కోట్ల నరాల తీగలు అటూ ఇటూ కబుర్లు మోస్తుంటాయి. ఎడమ సగం ఒంటి కుడి వైపుని, కుడి సగం ఎడమ వైపుని నడిపిస్తాయి. 'లెక్కలు వచ్చినవాళ్లది ఎడమ మెదడు, బొమ్మలు వేసేవాళ్లది కుడి మెదడు' అని రీల్స్‌లో చెప్తారే, అంత సింపుల్ కాదు. ఆ వంతెన మీద రాకపోకలు లేకుండా మనం ఏ పనీ సరిగ్గా చేయలేం.

ఒక్కో సగంలో నాలుగు పేటలు. నుదురు వెనకాల ఉన్నది ఫ్రంటల్ లోబ్. ప్లాన్ వేయడం, కోపాన్ని ఆపుకోవడం, 'ఈ మెసేజ్ పంపాలా వద్దా' అని ఒక్క క్షణం ఆగడం, ఇవన్నీ దాని పనులు. ఇది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటి ఇంకొన్నేళ్లు పడుతుంది. నడినెత్తి కింద, కాస్త వెనగ్గా పెరైటల్ లోబ్. స్పర్శ తెలియడం, మన చెయ్యి ఎక్కడుందో కళ్లు మూసుకుని కూడా తెలియడం దాని వల్లే. చెవుల పక్కన టెంపొరల్ లోబ్. వినికిడి, మాటల అర్థం, ముఖాలు గుర్తుపట్టడం. తల వెనక భాగంలో ఆక్సిపిటల్ లోబ్. విచిత్రం ఏంటంటే కళ్లు ముందు ఉంటే, చూపుని తయారుచేసే చోటు తల వెనకాల ఉంది. కళ్లు బాగానే ఉన్నా, అక్కడ దెబ్బ తగిలితే చూపు పోవచ్చు.

దాని కింద, మెడ పైన, చిన్న క్యాబేజీ ముక్కలా ఉన్నది అనుమస్తిష్కం. మనం చిన్న మెదడు అంటాం. మొత్తం బరువులో పదో వంతే. కానీ మెదడులో ఉన్న దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లలో ఐదింట నాలుగు వంతులు ఇందులోనే ఉన్నాయి! బండి మీద బ్యాలెన్స్, కీబోర్డ్ మీద వేళ్ల స్పీడ్, నడకలో లయ దీని పుణ్యమే. మందు తాగినవాడు తూలేది ఎక్కువగా దీని పని మందగించడం వల్లే.

ఇక అన్నిటికంటే కింద బొటనవేలంత లావున్న కాడ, మెదడు కాండం. దాని చివర మజ్జాముఖం. చూడ్డానికి ఏమీ లేదు. కానీ శ్వాస, గుండె వేగం, బీపీ, మింగడం అన్నీ దాని డ్యూటీలే. మనం నిద్రపోయినా దానికి సెలవు లేదు. పైనున్న మస్తిష్కంలో కొంత పోయినా మనిషి బతుకుతాడు. ఇక్కడ చిన్న గాయమైనా ప్రాణం మీదకి వస్తుంది.

లోపల, కోస్తే తప్ప కనపడనివి ఇంకొన్ని ఉన్నాయి. థాలమస్ ఒక జంక్షన్. వాసన తప్ప మిగతా ఇంద్రియాల కబుర్లన్నీ ఇక్కడ ఆగి పైకి వెళ్తాయి, మన విజయవాడ స్టేషన్ లాగా. దాని కింద హైపోథాలమస్. బాదం గింజ కంటే పెద్దది కాదు. ఆకలి, దాహం, ఒంటి వేడి, హార్మోన్లు దాని చేతిలో. దగ్గర్లోనే అమిగ్డలా. భయాన్ని ముందుగా పసిగట్టేది అదే. రాత్రి రెండింటికి ఆఫీస్ నుంచి కాల్ వస్తే ఫోన్ ఎత్తేలోపే గుండె దడదడలాడిస్తుందే, అందులో దీని చెయ్యి ఉంది.

ఇంత పని చేసేది సుమారు 1,400 గ్రాముల మాంసం. ఒంటి బరువులో రెండు శాతం. తినేది మాత్రం మొత్తం శక్తిలో ఇరవై శాతం. అయినా లెక్కేస్తే ఇరవై వాట్లు, మీ ఫోన్ ఫాస్ట్ ఛార్జర్ కంటే తక్కువే. మనం మెదడులో పది శాతమే వాడతామన్న మాట మాత్రం ఈ గదిలోకి రాగానే చచ్చిపోతుంది. ఒక్కో పెట్టెలో చిన్న మచ్చ, చిన్న గడ్డ, చిన్న రంధ్రం ఉంటాయి. మిగతా మెదడంతా బాగానే ఉంటుంది. ఆ చిన్నదానికే ఒకరి చూపు పోయింది, ఒకరికి నడక పోయింది. వాడకుండా ఖాళీగా పెట్టిన తొంభై శాతం ఎక్కడా కనపడదు.

మాట ఉండే చోటు

పక్షవాతం నమూనాల దగ్గర అక్క ఆగిపోయింది. ఎడమ సగంలో, కణత పైన, ఒక చోట మెదడు కుంగిపోయి ఉంది. రక్తనాళం మూసుకుపోతే ఆ నాళం నీళ్లు పెట్టే పొలమంతా ఎండిపోయినట్టే. అలా మూసుకుపోయినప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని లెక్క. అందుకే డాక్టర్లు అంత తొందర పెడతారు. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపు పడాలి. మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా, 'గ్యాస్ అయ్యుంటుంది, పొద్దున్నే చూద్దాం' అనుకోకూడదు. స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి.

అక్క మెల్లగా అడిగింది: 'మాట పోతే తెలివి కూడా పోతుందా మేడం?'

ఆ ప్రశ్న వెనక ఏముందో నాకు తెలుసు. పెదనాన్న ముందు అందరూ చెవిటివాడి ముందు మాట్లాడినట్టు గట్టిగా అరుస్తారు. లేదంటే ఆయన అక్కడ లేనట్టే మాట్లాడుకుంటారు. 'మనిషి పోయాడు, ఒళ్లు మిగిలింది' అని చుట్టాలు మంచం పక్కనే కూర్చుని అన్నారు. వైద్యం ఖర్చుల కోసం చెరువు కింద ఎకరం అమ్మాలా వద్దా అన్న పంచాయితీ కూడా ఆయన ముందే జరుగుతోంది. ఆయన 'అదీ... అదీ...' అంటుంటే, 'నీకేం తెలీదులే పెద్దాయనా' అని భుజం తట్టి వెళ్లిపోతారు. చూపించిన ఆసుపత్రిలో రెండు నిమిషాల్లో చెప్పి పంపేశారు. ఇంగ్లీషులో ఏదో రాసిచ్చారు. ఎవరికీ అర్థం కాలేదు.

మేడం చెప్పిన జవాబు వినండి. మాట అనేది ఒక్క చోట లేదు. మాటని కూర్చి నోటికి పంపే పనికి ముఖ్యమైన చోటు ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో ఉంది. విన్న మాటకి అర్థం తెలుసుకునే పనికి ముఖ్యమైన చోటు ఇంకాస్త వెనక, టెంపొరల్ లోబ్‌లో ఉంది. ముందుది దెబ్బతిని వెనకది చాలావరకు బాగుంటే, మనిషికి ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. చెప్పాల్సింది లోపల సిద్ధంగా ఉంటుంది. బయటికి మాత్రం రాదు. వెనకది దెబ్బతింటే దీనికి రివర్స్. గడగడా మాట్లాడతారు, కానీ ఆ మాటలకి అర్థం ఉండదు. ఈ మాట పోయే స్థితిని అఫేసియా అంటారు. అది వినికిడి లోపం కాదు, పిచ్చి అసలే కాదు.

దీని కథ 1861లో ప్యారిస్‌లో మొదలైంది. అక్కడ ఒక ఆసుపత్రిలో ఎన్నో ఏళ్లుగా ఉన్న ఒకాయన 'టాన్' అనే ఒక్క మాట తప్ప పలకలేకపోయేవాడు. ఏది అడిగినా 'టాన్ టాన్' అనేవాడు. కానీ అడిగింది అర్థమవుతున్నట్టు చేత్తో సైగలు చేసేవాడు. ఆయన చనిపోయాక పాల్ బ్రోకా అనే సర్జన్ మెదడు తీసి చూస్తే, ఎడమ ఫ్రంటల్ లోబ్‌లో దెబ్బ కనపడింది. ఫలానా పనికి మెదడులో ఫలానా చోటు అని గట్టిగా చెప్పగలిగిన తొలి రుజువుల్లో అదొకటి. ఆ చోటుకి ఇప్పటికీ బ్రోకా పేరే. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు వెనక చోటు సంగతి రాశాడు. 'టాన్' అన్న ఆయన మెదడుని ప్యారిస్‌లో ఇప్పటికీ భద్రంగా ఉంచారు.

'మా నాన్న కూడా ఒకే మాట అంటారు మేడం. కానీ పాత ఘంటసాల పాట రేడియోలో వస్తే మాత్రం రెండు మూడు మాటలు కలిపి పాడేస్తారు. మేమంతా అది వింతనుకున్నాం' అంది అక్క.

వింత కాదట. ఇలాంటి వాళ్లలో చాలామంది మాట్లాడలేని మాటల్ని పాడగలరు. రాగానికి మెదడులో వేరే దారులు, ముఖ్యంగా కుడి వైపు, తోడొస్తాయి. దాన్నే వాడుకుని మాట నేర్పే పద్ధతులు కూడా ఉన్నాయి. 'ఎంత అర్థమవుతుందో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించండి. అవును, కాదు అని తల ఊపే ప్రశ్నలు అడగండి. టైం ఇవ్వండి' అన్నారు మేడం.

అక్క ఊరెళ్లాక స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది. ఇంట్లో టీవీ కట్టేసి, పక్కన కూర్చుని, ఒక్కో ప్రశ్నే అడగడం అలవాటు చేసుకుంది. 'కాఫీ కావాలా?' దగ్గర మొదలుపెట్టి, నెల తర్వాత పొలం సంగతి అడిగింది. 'చెరువు కింద ఎకరం అమ్మేద్దామా నాన్నా?' తల అడ్డంగా ఊపాడు. పొరపాటేమో అని మర్నాడు తిప్పి అడిగింది. 'ఆ ఎకరం ఉంచుకుందామా?' తల నిలువుగా ఊపాడు. తర్వాత ఎడమ చేత్తో ఊరి బయట రోడ్డు పక్కనున్న ఖాళీ స్థలం వైపు చూపించాడు. అమ్మితే అది అమ్మమని!

రెండేళ్లుగా ఆయన చెప్తున్న 'అదీ... అదీ...' అదే అయ్యుండొచ్చు. ఆ సంగతి అక్క ఫోన్లో చెప్తుంటే ఇద్దరం కాసేపు ఏం మాట్లాడుకోలేదు.

మర్చిపోయేవాళ్ల వరస

పక్షవాతం పక్కన చూడాల్సింది అల్జీమర్స్ మెదడు. మామూలు ముసలివాళ్ల మెదడునీ దీన్నీ పక్కపక్కన చూస్తే డాక్టర్ కానక్కర్లేదు, తేడా మనకే తెలిసిపోతుంది. మడతలు సన్నబడి, వాటి మధ్య సందులు వెడల్పయ్యి, ఎండిన ఉసిరికాయలా ఉంటుంది. లోపల ద్రవం ఉండే గదులు పెద్దవవుతాయి.

ఈ జబ్బులో తొందరగా దెబ్బతినే చోట్లలో హిప్పోకాంపస్ ఒకటి. టెంపొరల్ లోబ్ లోపల రెండు వైపులా ఒక్కోటి ఉంటుంది. కోసి చూస్తే సముద్ర గుర్రం ఆకారం. గ్రీకులో ఆ పేరుకి అర్థం కూడా అదే. కొత్త జ్ఞాపకాన్ని నిలబెట్టడం దాని పని. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు వెంటనే హార్డ్ డిస్క్‌తో పోలుస్తారు కానీ అది సరిపోదు. జ్ఞాపకాలన్నీ అందులోనే ఉండవు. రాసి పెట్టించే గుమాస్తా అనుకోవచ్చు. గుమాస్తా పోయినా పాత రికార్డులు చాలావరకు ఉంటాయి, కొత్తవి మాత్రం ఎక్కవు.

అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకి 1953లో మూర్ఛ తగ్గడానికి ఆపరేషన్ చేసి రెండు వైపులా ఈ భాగంలో చాలావరకు తీసేశారు. అప్పుడు ఆయనకి 27 ఏళ్లు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ తర్వాత కలిసిన మనిషిని ఎన్నిసార్లు కలిసినా కొత్తగానే పరిచయం చేసుకునేవాడు. 2008లో చనిపోయేదాకా అంతే. అద్దంలో చూస్తూ బొమ్మ గీయడం లాంటి చేతి పని నేర్పితే మాత్రం రోజురోజుకీ బాగా చేశాడు, నేర్చుకున్నట్టు ఆయనకే గుర్తు లేకపోయినా. పని నేర్చుకునే జ్ఞాపకం వేరే చోట ఉంటుందని అలా తెలిసింది.

మన ఇళ్లలో తాతయ్యో అమ్మమ్మో 'అన్నం తిన్నావా' అని గంటలో ఐదోసారి అడిగితే 'ఇప్పుడే కదా చెప్పాను' అని విసుక్కుంటాం. పొద్దున తిన్నది గుర్తుండదు కానీ 1970లో పెళ్లిలో ఎవరు అలిగారో పూసగుచ్చినట్టు చెప్తారు. నటన అనుకుంటాం. కాదు, ఆ గుమాస్తా సీటు ఖాళీ అయిపోతోంది. ఆ ఎండిన మడతలు ఒకసారి కళ్లారా చూస్తే ఐదోసారి కూడా 'తిన్నాను అమ్మమ్మా' అని మెత్తగానే చెప్పబుద్ధవుతుంది.

ఇంకో చిన్న నమూనా దగ్గర ఒంగి చూడాలి. మెదడు కాండం పై భాగాన్ని అడ్డంగా కోస్తే రెండు వైపులా కాటుక రేఖలా నల్ల గీత కనిపిస్తుంది. డోపమైన్ తయారుచేసే కణాలు అక్కడ ఉంటాయి. పార్కిన్సన్స్ జబ్బులో ఆ గీత పాలిపోతుంది. చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం, ముఖంలో భావం తగ్గడం... ఇన్ని కష్టాల వెనక ఒక కాటుక గీత చెరిగిపోవడం ఉంది.

నమూనాల్లో అందరినీ ఉలిక్కిపడేలా చేసేది మాత్రం జల్లెడలా చిల్లులు పడిన మెదడు. అది పంది బద్దెపురుగు పని. ఆ పురుగు గుడ్లు కడగని కూరగాయల మీద నుంచో, శుభ్రంగా లేని చేతుల నుంచో కడుపులోకి వెళ్తే, పిల్లలు రక్తంలో ప్రయాణించి మెదడులో గూళ్లు కట్టుకుంటాయి. మన దేశంలో మూర్ఛకి ఇదొక పెద్ద కారణం. శాకాహారులం కదా, మాకేం అనుకోవద్దు. కొత్తిమీర కట్ట శాకాహారమే.

డెలివరీ టైం కంటే ముఖ్యమైనది

ఇక మన వయసువాళ్లు తప్పకుండా ఆగాల్సిన చోటు తల దెబ్బల వరస. మెదడు పుర్రెలో మూడు పొరల కింద, సుమారు 150 మిల్లీలీటర్ల ద్రవంలో తేలుతుంటుంది. తేలడం వల్ల 1,400 గ్రాముల మెదడు అక్కడ 50 గ్రాముల బరువే ఉన్నట్టు ఉంటుంది. దేవుడు పెట్టిన ప్యాకింగ్ అనుకోండి, పరిణామం పెట్టింది అనుకోండి, చాలా మంచి ప్యాకింగ్. కానీ అది 60 కిలోమీటర్ల స్పీడ్‌లో డివైడర్‌కి గుద్దుకోవడానికి తయారైంది కాదు.

బండి ఆగుతుంది, తల ఆగుతుంది, లోపల మెదడు ఆగదు. ముందుకెళ్లి పుర్రెకి కొట్టుకుంటుంది, వెనక్కొచ్చి మళ్లీ కొట్టుకుంటుంది. అందుకే ఒక్కోసారి దెబ్బ తగిలింది ఒక వైపు, గాయం ఇంకో వైపు. పుర్రె అడుగు నున్నగా ఉండదు, గరుకు గట్లు ఉంటాయి. ఫ్రంటల్ లోబ్ అడుగు భాగం, టెంపొరల్ లోబ్ మొన వాటికి రాసుకుని కమిలిపోతాయి. మనిషి బతికి నడిచి ఇంటికొస్తాడు. కానీ 'మావాడు యాక్సిడెంట్ తర్వాత మారిపోయాడండీ, ఊరికే కోపం' అంటారు ఇంట్లోవాళ్లు. ఆ కోపాన్ని ఆపే చోటే కమిలిపోయి ఉండొచ్చు.

హెల్మెట్‌లో పనిచేసేది పైనున్న గట్టి డిప్ప ఒక్కటే కాదు. లోపలి మందమైన థర్మాకోల్ పొర నలిగిపోతూ ఆ కుదుపుని మింగుతుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా పనికిరాదు. అందుకే ఆ పొర లేని నూట యాభై రూపాయల టోపీ పోలీసు నుంచి కాపాడుతుంది కానీ డివైడర్ నుంచి కాపాడదు. గడ్డం కింద పట్టీ పెట్టుకోకపోతే మొదటి దెబ్బకే ఊడిపోతుంది.

నా చేతిలో

చివరికి గ్లౌజులు ఇచ్చారు. ట్రేలోంచి ఒక మెదడు తీసి రెండు చేతుల్లో పెట్టారు.

ఫార్మలిన్‌లో ఉండటం వల్ల గట్టిబడి, పనీర్ ముద్దలా ఉంది. బతికున్నప్పుడు ఇంత గట్టిగా ఉండదట, జున్ను కంటే మెత్తగా, వేలితో నొక్కితే దిగబడిపోయేలా ఉంటుంది. రంగు గోధుమ కలిసిన బూడిద. కిలో బెల్లం ముద్ద కంటే కాస్త బరువు. మడతల మధ్య సన్నటి రక్తనాళాలు వేర్లలా అతుక్కుని ఉన్నాయి. ముక్కుకి ఘాటైన వాసన.

అక్క పట్టుకుని ఎడమ వైపు కణత పైన బొటనవేలు ఆనించి చూసింది. 'ఇంత చోటేనా?' అంది. ఇంత చోటే. రెండు రూపాయల బిళ్లలు మూడు నాలుగు పక్కపక్కన పెట్టినంత.

ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. నా చేతిలో ఉన్న ఈ మెదడు ఎవరిది? దీనికి కూడా ఏదో ఒక భాష వచ్చి ఉంటుంది. ఎవరి పేరో వినగానే సంతోషపడి ఉంటుంది. ఏదో కూర నచ్చక మూతి ముడిచి ఉంటుంది.

ఈ సేకరణ వెనక డాక్టర్ ఎస్.కె. శంకర్ దశాబ్దాల శ్రమ ఉంది. పోస్ట్‌మార్టం జరిగినప్పుడు, ప్రమాదంలోనో జబ్బుతోనో మనిషిని పోగొట్టుకున్న కుటుంబాన్ని ఒప్పించి, అనుమతి తీసుకుని ఒక్కొక్కటీ దాచారు. 1995లో ఇక్కడే మెదళ్ల బ్యాంకు కూడా ఏర్పాటైంది. మెదడు కణజాలాన్ని అతి చల్లని ఫ్రీజర్లలో దాచి పరిశోధకులకి ఇస్తారు. అల్జీమర్స్, పార్కిన్సన్స్ లాంటి జబ్బుల గుట్టు తెలియాలంటే మనిషి మెదడునే చూడాలి, ఎలుకది చూస్తే సగమే తెలుస్తుంది. బూడిదైపోవాల్సిన దాన్ని 'తీసుకోండి' అని ఏడుస్తూనే సంతకం పెట్టిన ఇంటివాళ్లు ఉండబట్టే మనకి ఈ గది ఉంది. నేత్రదానం గురించి మన ఊళ్లలో అందరికీ తెలుసు. మెదడు కూడా ఇవ్వొచ్చని తెలిసినవాళ్లు తక్కువ.

వెళ్లాలనుకుంటే

మ్యూజియం రోజూ తెరవరు. వారంలో కొన్ని రోజులు, కొన్ని గంటలే సందర్శకుల్ని రానిస్తారు. నిమ్హాన్స్ వెబ్‌సైట్‌లో చూసుకుని, వీలైతే ఫోన్ చేసి వెళ్లండి. కాలేజీ గ్రూపుగా వెళ్తే ముందే చెప్పాలి. మెజెస్టిక్ నుంచి హోసూర్ రోడ్ వైపు వెళ్లే బస్సులు క్యాంపస్ ముందే ఆగుతాయి. పార్కింగ్ కోసం తిరిగే కంటే బస్సే మేలు.

ఫోటోల విషయంలో అక్కడివాళ్లు ఎలా చెప్తే అలా చేయండి. రీల్ చేసుకునే చోటు కాదది. ఆసుపత్రి క్యాంపస్ కాబట్టి దారిలో గట్టిగా నవ్వుకుంటూ వెళ్లకండి, పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఏ రిపోర్టు కోసం ఎదురుచూస్తున్నారో మనకి తెలీదు. వాసనకి కళ్లు తిరిగేవాళ్లు ఏమన్నా తిని వెళ్లండి. చిన్నపిల్లల్ని తీసుకెళ్లేముందు పిండాల నమూనాలు కూడా ఉంటాయని గుర్తుంచుకోండి.

మీ ఇంట్లో మాట పోయినవాళ్లో, మతిమరుపు వచ్చినవాళ్లో, ప్రమాదం తర్వాత మారిపోయినవాళ్లో ఉంటే, వాళ్లని చూసుకునే మనిషిని వెంట తీసుకెళ్లండి. వాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటి ఎప్పటినుంచో మనసులో ఉండే ఉంటుంది. అడగనివ్వండి.